జోగయ్య ఆర్పని కర్పూరం

జోగయ్యని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మంచం మీద ఏడాదిపాటు పడుకున్నాను, అంతే. అయినా ఆయన గురించి నాకు తెలిసినంత, రోజూ ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళకి కూడా తెలియదని నా నమ్మకం. వాళ్ళు తెలుసుకోదలచుకోలేదు. నేను అడిగి తెలుసుకున్నాను.

అది దుబాయ్‌లో, సత్వాలో ఒక పాత విల్లా. పేరుకి విల్లా గానీ, సున్నం రాలే గోడలు, ఇరుకు వరండా, గదికో భాష. మలయాళీలది ఒక గది, పఠాన్లది ఒక గది, మాది గోదావరి జిల్లాల గది. గోడల వెంట రెండంతస్తుల ఇనప మంచాలు. గదికి పెద్ద సుబ్బరాజుగారు, భీమవరం వైపు ఆయన. గది తన పేరు మీద తీసుకుని మంచాలు మాకు ఇచ్చేవారు. శుక్రవారం మెస్సులో కూర ఏమిటన్న దగ్గర్నుంచి ఎవరు ఎవరితో మాట్లాడకూడదన్నదాకా ఆయనే తేల్చేవారు. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇంకాసేపట్లో మీకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది. నాకు ఇప్పటికీ మండుతుంది. కానీ ఎవరికైనా జ్వరం వస్తే గంజి కాచి తాగించేది కూడా ఆయనే.

కొన్ని మంచాలకి ఇద్దరేసి ఉండేవాళ్ళు. పగటి పనివాడు రాత్రి పడుకుంటాడు, రాత్రి పనివాడు పగలు పడుకుంటాడు. ఒక పరుపు, ఒక దిండు, రెండు దుప్పట్లు. జోగయ్యకి అలా వాటా వచ్చినవాడు ఏసుబాబు. ఊళ్ళో అయితే జోగయ్య వాళ్ళు ఏసుబాబుని అరుగు కూడా ఎక్కనిచ్చేవాళ్ళు కారు. ఒకరిది రాజోలు దగ్గర లంక గ్రామం, ఇంకొకరిది ఏటికి ఇవతల చర్చి పక్క పేట. దుబాయ్ ఆ ఇద్దరికీ కలిపి ఒక మంచం ఇచ్చింది.

జోగయ్య పైపుల మేస్త్రి. కాకినాడలో పని నేర్చుకుని, 2002లో ఒక కాంట్రాక్టు కంపెనీ వీసా మీద వచ్చాడు. పెళ్ళి మాట ఎత్తితే "వచ్చే సెలవుకి చూద్దామండి" అనేవాడట. ఆ సెలవు వచ్చేది, పోయేది, ఆయన మాట మాత్రం అదే. మాటలు తక్కువ. జేబులో ఎప్పుడూ పైపుల కీళ్ళకి చుట్టే తెల్ల టేపు చుట్ట ఉండేది. గదిలో ఏది విరిగినా, కారినా, వదులైనా దాంతో చుట్టేసేవాడు. కళ్ళజోడు కాడకి టేపు, కుక్కరు పిడికి టేపు. "పెళ్ళయితే పెళ్ళానికి కూడా టేపు చుట్టేస్తాడు" అని నవ్వుకునేవాళ్ళు.

ఏసుబాబు పొడగరి. కింది మంచం మీంచి లేచినప్పుడల్లా పై మంచం ఇనప అంచు నుదుటికి కొట్టుకునేది. ఒకరోజు పనినుంచి వచ్చి చూస్తే ఆ అంచుకి స్పాంజి ముక్క పెట్టి, దానిమీద తెల్ల టేపు వరసలు వరసలుగా చుట్టి ఉంది. ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. అడగాల్సిన పని కూడా లేదు. నేను ఆ మంచం మీదకి వచ్చేనాటికి టేపు మురికి పట్టి పసుపు రంగుకి తిరిగింది గానీ ఊడలేదు.

ఏసుబాబు ఖుబ్బూస్ రొట్టెలు కాల్చే బేకరీలో రాత్రి పని చేసేవాడు. తెల్లవారుతుండగా కాగితంలో చుట్టిన వేడి రొట్టెలతో వచ్చేవాడు. జోగయ్య అప్పటికే లేచి ఫ్లాస్కులో టీ పోసి ఉంచేవాడు. ఒకరు లేచి ఇంకొకరు పడుకునే ఆ కాస్త సందులో, మంచానికి కట్టుకున్న తెర వెనక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె తుంచుకుని టీలో ముంచుకు తినేవాళ్ళు. తరవాత కంపెనీ బస్సు హారన్ మోగేది, జోగయ్య వెళ్ళిపోయేవాడు. వాళ్ళ కాపురమంతా ఆ కాస్త సేపే. కాపురం అన్నాను. అవును, తెలిసే అన్నాను.

"జోగయ్య లేచిన మంచం ఎచ్చగా ఉండేది తమ్ముడూ," అని ఏసుబాబు ఒకసారి నాతో అన్నాడు. "ఆ ఏసీ గదిలో ఒణికిపోయేవోణ్ణి. ఆ ఎచ్చదనంలోకి దూరితే నిద్ర ఇట్టే పట్టేసేది. మనకోసం ఒకడు మంచం ఎచ్చబెట్టి ఎల్లాడంటే, ఇంకేటి కావాలి సెప్పు?"

శుక్రవారాలు ఇద్దరికీ సెలవు. సాయంత్రం సత్వా రోడ్డు మీద చిటికెన వేళ్ళు తగిలించుకుని నడిచేవాళ్ళు. ఇందులో వింతేమీ లేదు. అప్పట్లో ఆ రోడ్డు మీద సగంమంది మగవాళ్ళు అలాగే నడిచేవాళ్ళు, మనవాళ్ళు, పాకిస్తానీలు, బంగ్లావాళ్ళు. స్నేహితుడి చెయ్యి పట్టుకోవడం తప్పని మనకెవరూ చెప్పలేదు. ఆ జనంలో ఆ ఇద్దరి వేళ్ళు మాత్రమే వేరుగా ఉన్నాయని ఎవరికి తెలుస్తుంది? వాళ్ళకి కావలసిందీ అంతే. ఒకే కప్పు కింద ఉండడం, తెల్లారి టీ తాగడం, శుక్రవారం నడవడం. అంతకు మించి వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదు.

2005 చివర్లో ఎక్కడో మగవాళ్ళు మగవాళ్ళతోనే ఉంటున్నారని కొందర్ని పోలీసులు పట్టుకున్నట్టు ఒక వార్త నోటినోటా వచ్చింది. ఎవరు, ఎక్కడ, ఎంతమంది అన్నది చెప్పేవాణ్ణి బట్టి మారేది. పనిలో విన్నవాడు ఒకటి చెప్పేవాడు, టాక్సీలో విన్నవాడు ఇంకొకటి. విల్లా చూసుకునే మనిషి వచ్చి, ఇక్కడ అలాంటిదేమైనా ఉందని తెలిస్తే పోలీసులు విల్లా అంతా ఖాళీ చేయిస్తారు, అందరి వీసాలూ ఖలాస్ అని చెప్పి పోయాడు. ఇక చూడండి.

మగవాళ్ళ గదిలో మగవాళ్ళకి మగవాళ్ళంటేనే భయం పట్టుకుంది. ముందు రోడ్డు మీద వేళ్ళు విడిపోయాయి. అన్నదమ్ములు కూడా జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచారు. నడుంనొప్పితో మూలిగేవాడికి బామ్ రాయడానికి ఎవడూ ముందుకు రాలేదు. ఒకడి లుంగీ ఇంకొకడు కట్టుకోకూడదన్నారు. ఒకడి మంచం మీద ఇంకొకడు కూర్చోకూడదన్నారు. సన్నగా మాట్లాడే ఒక కుర్రాడు గొంతు మార్చి బొంగురుగా మాట్లాడ్డం మొదలెట్టాడు, పాపం, దగ్గు వచ్చేది. రాజుగారు మంచాల తెరలన్నీ పీకించేశారు. పగలంతా మండుటెండలో పనిచేసి వచ్చిన మనిషికి ఈ భూమ్మీద సొంతమంటూ ఉన్నది ఆ తెర ఒక్కటే, అది కూడా పోయింది.

తెర పోయాక జోగయ్య దిండు కింద ఉన్న చొక్కా బయటపడింది. ఏసుబాబుది, బేకరీ చొక్కా. ఉతకలేదు, పిండి అంటుకుని ఉంది. ఎదురు మంచం మనిషి చూసి రాజుగారికి చెప్పాడు.

"ఉతకని చొక్కా దిండు కింద ఎందుకోయ్?" అని రాజుగారు అడిగారు.

జోగయ్య ఆ చొక్కా మడతపెట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాడట. "ఉతుకుదామని పెట్టానండి," అన్నాడట. ఆయనకి అబద్ధం చెప్పడం వచ్చు, గమనించండి. తరవాత జరిగింది చేతగాక జరిగింది కాదు.

రాజుగారికి ఆ జవాబు సరిపోలేదు. ఊళ్ళో తగవులు తీర్చిన కుటుంబం ఆయనది. పోలీసుల దగ్గరికి పోకుండా గదిలోనే తేల్చుకుందామన్నారు. పద్ధతి ఆయనకి తెలిసిందే. ప్రమాణం. పళ్ళెంలో కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, ఉన్నమాట చెప్పాలి. క్రైస్తవులైతే బైబిలు మీద చెయ్యి వేయాలి. నిజం చెప్పాలని కూడా ఆయన అడగలేదు, నన్నడిగితే. ఆ గదికి కావలసింది నిజం కాదు, నిశ్చింతగా పడుకోవడానికి ఒక మాట. ఆ ఇద్దరూ ఆ మాట అనేస్తే అందరూ భోజనాలకి లేచేవాళ్ళు.

కానీ ఒట్టు అంటే మనకి ఏమిటో మీకు తెలుసు. "నీ మీద ఒట్టు" అంటాం. "అమ్మతోడు" అంటాం. అబద్ధపు ఒట్టు వేసినవాడికి ఏమీ కాదు, వాడికి ఎవరు ప్రాణమో వాళ్ళకి తగులుతుంది. ఈ నమ్మకం లేని ఇల్లు గోదావరి జిల్లాల్లో నేను చూడలేదు, గుడికి పోయేవాళ్ళయినా, చర్చికి పోయేవాళ్ళయినా.

శుక్రవారం మధ్యాహ్నం, మెస్సులో కోడికూర దింపి మూత పెట్టాక, అందరూ గదిలో చేరారు. ముందు ఏసుబాబుని పిలిచారు. ఎవరిదో బైబిలు తెచ్చి స్టూలు మీద పెట్టారు. ఏం చెప్పాలో రాజుగారే చెప్పారు. ఏసుబాబు చెయ్యి వేసి, తల ఎత్తి, గట్టిగా చెప్పాడు.

"జోగయ్య నాకు ఏమీ కాడు. మా ఇద్దరి మజ్జ ఏమీ లేదు. ప్రభువు సాక్షి."

తడుముకోకుండా చెప్పాడని అందరూ ఒప్పుకున్నారు. ఎందుకు చెప్పాడో నాకు ఆయనే చెప్పాడు. "ఆ మాట అనేస్తే ఆ ఏళకి గండం గట్టెక్కిపోద్దనుకున్నాను తమ్ముడూ. ఆడు కూడా ఒక్క ముక్క అనేస్తే, మర్నాడు మళ్ళీ టీ తాగొచ్చనుకున్నాను."

తరవాత జోగయ్య. పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించారు. జోగయ్య దాన్ని చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి లేపలేదు. బిళ్ళ కాలి అయిపోయింది. రాజుగారు ఇంకో బిళ్ళ వెలిగించారు. "ఒక్క ముక్క చెప్పవోయ్, కూర చల్లారిపోతోంది," అన్నారు. నిజంగా ఆ మాటే అన్నారట. ఆ బిళ్ళ కూడా కాలిపోయింది.

"ఏసు సెప్పింది నిజమేనండి," అన్నాడు జోగయ్య చివరికి. "ఆడికేమీ తెలీదు. తప్పేదన్నా ఉంటే నాదేనండి. నా మనసులోదేనండి."

"అయితే ఆర్పు మరి."

"ఆర్పలేనండి."

అంతే. కర్పూరం మీద అబద్ధం ఆడితే అది ఏసుబాబుకి తగులుతుందని జోగయ్య భయం. ఉత్తినోటితో అబద్ధం ఆడాడు, ఏసుబాబు ఒట్టు నిలబడేలాగ అంతా తనమీద వేసుకున్నాడు. నిప్పు ముందు మాత్రం ఆడలేకపోయాడు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కడికైనా, అక్కడ నిలబడి ఉన్నది తప్పు కాదు, ప్రేమ అని తోచలేదు. కొందరు తల దించుకున్నారట. ఏసుబాబు నోరు తెరవబోతే జోగయ్య ఒక్క చూపు చూశాడట, ఒద్దన్నట్టు. తెరవలేదు.

సాయంత్రానికి జోగయ్య పెట్టె వరండాలో ఉంది. రాజుగారు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. భయం ఊరుకోనివ్వదు కదా, మర్నాడు కంపెనీ ముదీర్‌కి ఫోన్ చేసి, ఈ మనిషితో జాగ్రత్త అని చెప్పారు. ముదీర్ అంటే అక్కడ మేనేజరు, రెండు రోజులు కూడా ఆలోచించలేదు. వీసా రద్దు, టికెట్ కొనేశాం, ఎయిర్‌పోర్టుకి పద అన్నారు. జోగయ్య ఎయిర్‌పోర్టుకి వెళ్ళలేదు. కంపెనీ వదిలి పారిపోయి కాగితాల్లేకుండా బతికేవాణ్ణి అక్కడ ఖల్లివెల్లి అంటారు. జోగయ్య ఖల్లివెల్లి అయి, ఫుజైరా కొండల్లో ఒక రాళ్ళ క్వారీలో చేరాడు. పైపుల మేస్త్రి రాళ్ళు మోసే కూలీ అయ్యాడు.

ఇంటికి ఎందుకు పోలేదో ఒకసారి ఫోన్లో చెప్పాడట. "ఇమానం ఎక్కితే మళ్ళీ ఒక దేశంలో ఉండం కదరా," అని. "నువ్వు మాత్రం రాకు. పేరు పైకి వస్తే నీకూ ముప్పే. సద్దుమణిగాక నేనే వస్తాను, రోడ్డు మీద నడుద్దాం."

ఇక నేను. 2006 ఎండాకాలంలో సత్వాలో ఒక టైపింగ్ సెంటర్లో ఉద్యోగానికి వచ్చాను. రాజుగారు చూపించిన మంచంలో రాత్రి వాటాకి అప్పటిదాకా ఎవరూ రాలేదు. పరుపు పారేసి కొత్తది వేశారు, పసుపునీళ్ళు చల్లారు, అయినా ఆ మంచం అంటే జనానికి జంకు. "ఏంలేదు, ఇదివరకు ఒక రోగిష్టివాడు పడుకునేవాడు," అన్నారు నాతో. నాకు మంచం కావాలి, పడుకున్నాను. పగలు ఏసుబాబు, రాత్రి నేను.

ఏసుబాబుకి అప్పటికి ముప్ఫై దాటి ఎంతో కాలేదు గానీ పెద్దవాడిలా ఉండేవాడు. తెల్లారి రొట్టెలు తెచ్చి స్టూలు మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు నేను ఊరికే టీ కలిపి ఫ్లాస్కులో ఉంచాను. వచ్చి ఆ ఫ్లాస్కు చూసి, మూత తీసి, ఆవిరి పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. తాగలేదు. ఆరోజే ఆయన ఏడుపు మొదటిసారి చూశాను, ఆరోజు నుంచే ముక్కలు ముక్కలుగా చెప్పడం మొదలెట్టాడు. మిగతాది గదిలో వాళ్ళని అడిగాను. ఎవరికి తోచిన మసాలా వాళ్ళు కలిపి చెప్పారు. కర్పూరం సంగతి మాత్రం అందరూ ఒకేలా చెప్పారు.

గది అప్పటికి మామూలైపోయింది. ఇదే నన్ను ఎక్కువ మండించేది. మంచాలకి తెరలు మళ్ళీ వచ్చాయి. శుక్రవారం రోడ్డు మీద వేళ్ళు మళ్ళీ కలిశాయి. ఒకడి నడుముకి ఇంకొకడు బామ్ రాస్తున్నాడు. భయం ఎలా వచ్చిందో అలాగే పోయింది, పోతూ ఒక్క మనిషిని పట్టుకుపోయింది. ఆ మనిషి పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కారు.

2007 వేసవిలో ఒక బుధవారం, నేను పనినుంచి వచ్చేసరికి ఏసుబాబు మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. క్వారీ షెడ్డులో ఉండే మనిషెవరో ఫోన్ చేశాడట. జోగయ్య మీద రాయి జారిపడింది, పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తిలో దిగాయి, ఫుజైరా ఆసుపత్రిలో ఉన్నాడు, తెలివి వస్తోంది పోతోంది, వచ్చినప్పుడల్లా ఏసు ఏసు అంటున్నాడు, మీ దేవుడి పేరనుకున్నాం, తరవాత ఫోన్లో నీ పేరు కనపడింది.

"పద అన్నా, ఇప్పుడే పోదాం," అన్నాను. "టాక్సీ దొరుకుతుంది."

ఏసుబాబు కదల్లేదు. "నా ఒట్టు తగిలింది తమ్ముడూ," అన్నాడు.

"రాయి తగిలింది. ఒట్టు కాదు. పద."

"ఆడు నాకు తగలకూడదని కర్పూరం ఆర్పలేదు. నేను బైబిలు మీద సెయ్యేసి నాకేమీ కాడన్నాను. అది ఎవరికి తగుల్తాది మరి? ప్రభువు ఇన్నాడు కదా."

"ప్రభువుకి ఇంతకంటే పనులుంటాయి అన్నా. చేసింది రాజుగారి ఫోను. కంపెనీ. ఆ క్వారీవాడు. నువ్వు కాదు."

"ఈ నోటితో ఆడి దగ్గరికి ఎలా ఎల్లను?" అన్నాడు. "అబద్ధం సెప్పిన నోరు. ముందు ఆ ఒట్టు తీసెయ్యాలి. ఎవరి ముందు ఏశానో ఆళ్ళ ముందే తియ్యాలి. అప్పుడు గానీ ఆడు లెగడు."

గదిలో అందరూ కలిసి ఉండేది శుక్రవారం ఒక్కరోజే. బతిమాలాను, తిట్టాను కూడా. గురువారం బేకరీకి సెలవు పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉపవాసం ఉన్నాడు. రాయి తగిలిన మనిషి అక్కడ ఈయన పేరు పిలుస్తున్నాడు, ఈయన ఇక్కడ ఆ మనిషిని బతికించడానికి మోకాళ్ళ మీద ఉన్నాడు. నాకు పిచ్చెక్కినట్టయింది. చేతులు కట్టేసి ఈడ్చుకుపోవలసింది. కానీ ఆయన నమ్మకం ముందు నా టైపింగ్ సెంటర్ తెలివి పనిచేయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలకి ముందు ఏసుబాబు స్టూలు తెచ్చి గది మధ్యలో వేశాడు. తన బైబిలు పెట్టాడు. దాని పక్కన పళ్ళెంలో కర్పూరం బిళ్ళ కూడా పెట్టాడు, జోగయ్య తరఫున.

"ఒక్కసారి అందరూ ఇనండి. ఆవేళ సెప్పింది అబద్ధం. ఇప్పుడు ఉన్నమాట సెప్తాను."

గదిలో టీవీ ఆడుతోంది. రాజుగారు పేపరు చదువుతున్నారు. కళ్ళజోడు దించి చూశారు.

"ఎందుకు ఏసుబాబూ ఇప్పుడు పాతవన్నీ? ఎవరడిగారు నిన్ను? సుఖాన ఉన్న గదిలో మళ్ళీ..."

"మీరే అడిగారండి."

"అప్పుడడిగాం. అప్పుడు చెప్పావు. అయిపోయింది."

ఒకడు తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఇంకొకడు కూర మాడుతోందని లేచాడు. ఇంకెవడో టీవీ గొంతు పెంచాడు. వినడానికి ఎవడికీ ధైర్యం లేదు. వింటే ఆ రోజు తాము ఏం చేశారో కూడా వినాలి. ఏసుబాబు కర్పూరం వెలిగించాడు. ఒక చెయ్యి బైబిలు మీద వేసి, రెండో అరచెయ్యి మంట మీద పెట్టి ఆర్పాడు.

"జోగయ్య నా ప్రాణం," అన్నాడు. "ఆడు నాకు ఏమీ కాడని అబద్ధమాడాను. తప్పంతా ఆడిదేనని ఆడు కూడా అబద్ధమాడాడు, నాకోసం. ప్రభువు సాక్షి."

"మేమేమీ వినలేదు," అన్నారు రాజుగారు, పేపరు వైపు తిరిగి. దయతలచి అన్నారో, భయపడి అన్నారో నాకు ఈరోజుకీ తెలీదు.

ఏసుబాబుకి అది పట్టలేదు. ఆయన మొహం తేటపడింది. టాక్సీ మాట్లాడుకుని బయల్దేరాం. కొండలు మొదలయ్యాక దారిపక్కన పళ్ళ అంగళ్ళు వస్తే ఆపించి మామిడిపళ్ళు కొన్నాడు, ఒక్కొక్కటీ వాసన చూసి. "మా లంక పళ్ళంత ఉండవు అని ఎక్కిరిస్తాడు సూడు," అని నవ్వాడు. నేను ఆయన నవ్వు వినడం అదే మొదలు. మంట మీద పెట్టిన అరచెయ్యి ఎర్రగా పొక్కింది. అది చూసుకుని కూడా సంతోషపడుతున్నాడు.

ఆసుపత్రిలో వార్డు మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. నర్సు మలయాళీ అమ్మాయి. జోగయ్య పేరు చెప్పగానే మా ఇద్దరి మొహాలూ చూసి, ఉదయమే పోయాడని చెప్పింది. తెల్లవారుతుండగా. ఏసుబాబు పని మానుకుని ఉండకపోతే రొట్టెలతో ఇంటికి వచ్చే వేళ.

శవాల గది వెనకవైపు ఉంది. తలుపు దగ్గర నూర్ మొహమ్మద్ అనే పెషావరు మనిషి కాపలా, తెల్ల గడ్డం, మెల్లగా మాట్లాడే మనిషి. కాగితాల్లేని మనిషి, పనిలో పోయాడు, పోలీసు కేసు. సొంతవాళ్ళకి తప్ప చూపించకూడదని రూలు అన్నాడు. తరవాత ఏసుబాబు వైపు తిరిగి అడిగాడు.

"తుమ్హారా కౌన్ లగ్తా హై?"

నీకు ఏమవుతాడు అని.

నేను అందుకుని, "భాయ్ హై చాచా, సగా భాయ్," అన్నాను. అన్నదమ్ములని. ఆ ముసలాయన అప్పటికే తాళంచెవి తీశాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే తలుపు తెరుచుకునేది. కానీ ఏసుబాబు తల అడ్డంగా ఊపాడు.

"నహీ. భాయ్ నహీ."

"ఫిర్ కౌన్?" మరి ఎవరు అని.

ఏసుబాబు నోరు తెరిచాడు. ఆయన కొత్తగా శుభ్రం చేసుకున్న నోరు అది, ఇక అబద్ధం ఆడనని చెప్పుకున్నది. నిజం చెబితే ఆ దేశంలో ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను చూడని ఆ మధ్యాహ్నం, కర్పూరం ముందు జోగయ్య ఎలా నిలబడి ఉంటాడో నాకప్పుడు తెలిసింది.

నూర్ మొహమ్మద్ చాలాసేపు ఓపికపట్టాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. "కుచ్ నహీ లగ్తా తో, జావ్ భాయ్," అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఏమీ కాకపోతే వెళ్ళు నాయనా అని.

బయట గోడ నీడన కూర్చున్నాం. మామిడిపళ్ళ సంచి మా ఇద్దరి మధ్యా ఉంది. ఏసుబాబు పొక్కిన అరచేతిని ఊదుకుంటున్నాడు.

"నేను ఒట్టు తీసేశాను కదా తమ్ముడూ. నువ్వు ఇన్నావు కదా?"

"విన్నానన్నా."

"ఆలస్యం అయిపోయింది," అన్నాడు. "బుధవారం నాడే రాజుగారొక్కరి ముందైనా తీసేసుంటే బతికేవోడు."

బుధవారం నాడే ఇక్కడికి వచ్చి ఉండవలసిందని ఆయనకి తట్టలేదు. నేను చెప్పలేదు.